ఈఎంఐ ఫంక్షన్ మొదట్లో ఎన్ని చెక్‌లు పెట్టాలి? అసర్ట్‌లా, ఎక్సెప్షన్లా?

కొత్త_కీబోర్డు అడిగారు:

పైతాన్‌లో అప్పుల లెక్కలకు ఒక మాడ్యూల్ తయారవుతోంది. అందులో ఈఎంఐ లెక్కగట్టే ఫంక్షన్ ఇది. కీవర్డులు కూడా తెలుగు లిపిలోనే రాశాను, పైతాన్ అనుకుని చదవండి.

    డెఫ్ ఈఎంఐ(అసలు, వడ్డీ, కాలం):
        ఇఫ్ అసలు ఈజ్ నన్ ఆర్ వడ్డీ ఈజ్ నన్:
            రిటర్న్ 0
        ఇఫ్ వడ్డీ < 0:
            రిటర్న్ 0
        అసర్ట్ (కాలం > 0, "కాలం సున్నా కన్నా ఎక్కువ ఉండాలి")
        నెల_రేటు = వడ్డీ / 1200
        గుణకం = (1 + నెల_రేటు) ** కాలం
        రిటర్న్ అసలు * నెల_రేటు * గుణకం / (గుణకం - 1)

రివ్యూలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఒకటి: "ఈ చెక్‌లన్నీ తీసెయ్, ఫంక్షన్‌ని పిలిచేవాళ్లు చూసుకుంటారు." రెండోది: "ఇవి చాలవు, ప్రతి ఆర్గ్యుమెంట్‌కీ టైపు, రేంజి అన్నీ చూడు."

నా సందేహాలు ఇవీ. నన్ (విలువ ఏదీ లేదని చెప్పే పైతాన్ గుర్తు) వస్తే 0 ఇవ్వడం తప్పా? అసర్ట్ (షరతు తప్పితే అక్కడే ఆపే లైను) పెట్టాలా, వాల్యూఎర్రర్ అనే ఎక్సెప్షన్ రెయిజ్ చేయాలా? అన్నిటికన్నా తలనొప్పి వడ్డీ. ఒక స్క్రీన్ నుంచి 12 వస్తుంది, ఇంకో సర్వీస్ నుంచి 0.12 వస్తుంది, ఊళ్లో లెక్క అలవాటున్నవాళ్లు రెండు రూపాయల వడ్డీ అనుకుని 2 అని కొడతారు. ఈ మూడింటినీ పట్టుకునే చెక్ ఎలా రాయాలి?

---

బ్యాకెండ్_బావ:

చివరి ప్రశ్నతో మొదలెడతాను. మిగతావి దాని తర్వాత తేలికైపోతాయి.

ఆ చెక్ రాయలేరండి. ఐదు లక్షలు, 60 నెలలు, ఏడాదికి 12 శాతం అయితే మీ సూత్రం ₹11,122.22 ఇస్తుంది. అదే చోట 0.12 వస్తే ₹8,358.78. రెండు రూపాయల వడ్డీ అనుకుని 2 కొడితే ₹8,763.88. మూడూ నమ్మేలాగే ఉన్నాయి, మూడు ఇన్‌పుట్లూ "సున్నా కన్నా ఎక్కువ, 100 కన్నా తక్కువ" అనే చెక్‌ని హాయిగా దాటేస్తాయి. కొందరు "1 కన్నా తక్కువైతే 100తో గుణించు" అని అతితెలివి చూపిస్తారు. అది ఇంకా ప్రమాదం. రేపు అర శాతం రాయితీ రుణం వస్తే దాన్ని 50 శాతం చేసేస్తుంది, పైగా ఆ సంగతి ఎక్కడా కనిపించదు.

కాబట్టి దీనికి మందు చెక్ కాదు, ఫంక్షన్ సంతకం, అంటే దాని పేరు, ఆర్గ్యుమెంట్ల పేర్లు ఉండే మొదటి లైను. "వడ్డీ" అన్న పేరులో కొలమానం లేదు. "కాలం"లోనూ లేదు, ఎవరైనా ఏళ్లనుకుని 5 పంపితే ఈఎంఐ ₹1,03,019.90 అవుతుంది. సంతకాన్ని ఇలా మార్చండి:

    డెఫ్ ఈఎంఐ(*, అసలు, వార్షిక_శాతం, నెలలు):

ఆ మొదటి స్టార్ వల్ల ఆర్గ్యుమెంట్లన్నీ పేరుతోనే పంపాలి. ఈఎంఐ(500000, 12, 60) అని పిలిస్తే అక్కడికక్కడే టైప్‌ఎర్రర్. వార్షిక_శాతం=0.12 అని తన చేత్తో టైప్ చేసేటప్పుడు రాసేవాడికే చెయ్యి ఆగుతుంది. ఆగకపోయినా రివ్యూ చేసేవాడి కంటికి గుచ్చుకుంటుంది. 12, 60 తారుమారయ్యే గొడవ కూడా దీంతోనే పోతుంది.

రెండు రూపాయల వడ్డీకి వేరే ఫంక్షన్ పెట్టండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అంతవరకు మార్పిడి సులువే. కానీ ఊళ్లో అది మామూలుగా బారు వడ్డీ, అసలు మొత్తం మీద నడుస్తుంది. ఈఎంఐ సూత్రం తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్క. 24 శాతంతో ఈఎంఐ ₹14,383.98 వస్తుంది. బారు వడ్డీ అయితే 60 నెలలకు వడ్డీయే ఆరు లక్షలు, అసలుతో కలిపి నెలకు ₹18,333.33. ఈ రెండు లెక్కలూ ఒకే ఫంక్షన్‌లో ఫ్లాగ్ పెట్టి కలపొద్దు.

ఇక చెక్‌ల సంగతి.

వడ్డీ సున్నా అయితే ఇప్పుడు మీ కోడ్ జీరోడివిజన్‌ఎర్రర్‌తో పడిపోతుంది. చాలామంది వెంటనే "వడ్డీ > 0" అని షరతు పెట్టేస్తారు. అక్కర్లేదు. సున్నా వడ్డీ వాయిదాలు బజార్లో ఉన్నవే, జవాబు కూడా తెలిసిందే: అసలు భాగించు నెలలు. సూత్రానికి ఉన్న లోపాన్ని పిలిచేవాడి నెత్తిన షరతుగా రుద్దడం మంచి పద్ధతి కాదు. రేటు సున్నాకి మరీ దగ్గరగా ఉంటే గుణకం - 1 లో అంకెలు కొట్టుకుపోయి ఫలితం వంకరపోతుంది. మ్యాథ్ మాడ్యూల్‌లోని ఎక్స్‌పీఎం1, లాగ్1పీ ఆ పనికే ఉన్నాయి.

వడ్డీ < 0 అని రాసిన చెక్‌లో ఒక కన్నం ఉంది. నాన్ అంటే "సంఖ్య కాదు" అనే ఫ్లోట్ విలువ. దాన్ని దేనితో చిన్నా పెద్దా అని పోల్చినా ఫాల్స్ వస్తుంది. నాన్ < 0 ఫాల్స్ కాబట్టి అది మీ చెక్ దాటేసి, జవాబు కూడా నాన్ అయిపోయి, ఎక్కడో రిపోర్టులో తేలుతుంది. చెడ్డదాన్ని వెతకొద్దు, మంచిదాన్ని రాసి దానికి నాట్ పెట్టండి:

    ఇఫ్ నాట్ (0 <= వార్షిక_శాతం < ఇన్ఫ్):
        రెయిజ్ వాల్యూఎర్రర్(...)

నాన్ ఇక్కడ దొరుకుతుంది, అనంతం (ఇన్ఫ్) కూడా దొరుకుతుంది. "నాన్ ఎక్కడినుంచి వస్తుంది లెండి" అనుకోకండి. ఎక్సెల్‌లో ఖాళీ గడి డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లో చదివితే నాన్. పైతాన్ జేసన్ లోడర్ కూడా నాన్ అనే మాటను మామూలుగా ఒప్పుకుంటుంది. డెసిమల్ టైపు వాడితే కథ వేరు: డెసిమల్ నాన్‌ని < తో పోల్చితే నేరుగా ఇన్‌వాలిడ్‌ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది.

నన్ వస్తే 0 ఇవ్వడం, నా లెక్కలో, ఈ కోడ్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈఎంఐ 0 అంటే "కట్టాల్సింది ఏమీ లేదు" అని అర్థం వచ్చే జవాబు, "నాకు తెలియదు" అని కాదు. ఆ సున్నా మొత్తంలో కలిసిపోతుంది, లాగ్‌లో ఒక్క లైనూ ఉండదు. ఆ ఇఫ్ తీసేయండి చాలు. నన్ వస్తే పోలిక దగ్గరే టైప్‌ఎర్రర్ వస్తుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే మీరే సందేశం రాయండి.

సందేశం విషయంలో నాది కాస్త పట్టుదల. ఆర్గ్యుమెంట్ పేరు, ఉండాల్సింది, వచ్చింది, మూడూ ఉండాలి: "నెలలు 1 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, వచ్చింది -3". వచ్చిన విలువను రెప్ర్‌తో చూపించండి. లేకపోతే 12 సంఖ్యా, '12' అనే స్ట్రింగా తెలియదు. అలాగని పాన్ నంబరు, ఆధార్ నంబరు లాంటివి సందేశంలో పెట్టొద్దు, అవి నేరుగా లాగ్ ఫైళ్లలోకి పోతాయి.

---

పాతకాపు_సి:

బావగారు అసర్ట్ గురించి వదిలేశారు. ప్రశ్నలో ఉన్న ఆ అసర్ట్ లైను అసలు పనే చేయదు, ఎవరూ గమనించినట్టు లేరు.

అసర్ట్ (కాలం > 0, "...") అని బ్రాకెట్లు పెట్టారు. అది రెండు అంశాల టపుల్ (మార్చడానికి వీల్లేని లిస్టు లాంటిది). ఖాళీ కాని టపుల్ ఎప్పుడూ ట్రూ. కాలం -5 అయినా దాటేస్తుంది. పైతాన్ సింటాక్స్‌వార్నింగ్ ఇస్తుంది గానీ టెస్టుల అవుట్‌పుట్‌లో ఆ ఒక్క లైను ఎవరు చదువుతారు? బ్రాకెట్లు తీసేయండి. అది చిన్న విషయం.

పెద్ద విషయం: అసర్ట్ ఉంటుందో లేదో మీ ఫంక్షన్ చేతిలో లేదు. పైతాన్‌ని మైనస్ ఓ ఫ్లాగ్‌తో నడిపితే అసర్ట్‌లన్నీ మాయం. సి భాషలో ఎన్‌డీబగ్ డిఫైన్ చేస్తే అంతే. జావాలో అయితే మొదటినుంచీ ఆపేసే ఉంటాయి, మైనస్ ఈఏ పెడితేనే నడుస్తాయి; జావా డాక్యుమెంటేషనే పబ్లిక్ మెథడ్ ఆర్గ్యుమెంట్లు సరిచూడ్డానికి అసర్ట్ వాడొద్దని చెబుతుంది. అక్కడ ఆబ్జెక్ట్స్ క్లాసులో రిక్వైర్‌నాన్‌నల్ జావా 7 నుంచి, చెక్‌ఇండెక్స్ జావా 9 నుంచి ఉన్నాయి, మిగతాదానికి ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్.

అసర్ట్ లోపల పని చేయించకండి. సి లో అసర్ట్(స్టాక్_పాప్(&ఎస్) == 5) అని రాస్తే డీబగ్ బిల్డ్‌లో బాగుంటుంది, రిలీజ్ బిల్డ్‌లో పాప్ జరగనే జరగదు. ఆ బగ్‌ని డీబగ్ చేయడానికి డీబగ్ బిల్డ్ పెడితే కనిపించదు. దొంగ దొరకని ఇల్లు.

నేను పాటించే గీత ఇది: తప్పు బయటినుంచి వస్తే ఎక్సెప్షన్, తప్పు నా కోడ్‌లోనే ఉంటే తప్ప జరగనిదైతే అసర్ట్. అందుకే ఈఎంఐ ఫంక్షన్ చివర్లో, "మొత్తం వాయిదాలు కలిపితే అసలు కన్నా తగ్గకూడదు" అనే అసర్ట్ పెట్టొచ్చు. అదీ జాగ్రత్తగా పెట్టాలి. సున్నా వడ్డీతో లక్ష రూపాయలు 3 నెలలంటే 33,333.33; మూడుతో గుణిస్తే 99,999.99. కోడ్ సరిగ్గానే ఉన్నా అసర్ట్ పడిపోతుంది. ఒక్కో వాయిదాకు అర పైసా చొప్పున వెసులుబాటు ఇవ్వాలి, ఆ మిగిలిన పైసా చివరి వాయిదాలో సర్దాలి.

---

కొత్త_కీబోర్డు:

టపుల్ సంగతి చూసి తల పట్టుకున్నాను. ధన్యవాదాలు.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, ఇప్పుడు వెబ్ హ్యాండ్లర్, సర్వీస్ లేయర్, ఈ ఫంక్షన్, మూడు చోట్లా అవే చెక్‌లు ఉన్నాయి. ఒకటి మారిస్తే మిగతావి మర్చిపోతున్నాం. ఎక్కడ ఉంచాలి? రెండు, ఇదే మాడ్యూల్‌లో ఆదాయపు పన్ను స్లాబ్ వెతికే ఫంక్షన్ కూడా ఉంది, బైసెక్ట్ (లిస్టును సగం సగం చేస్తూ వెతికే పైతాన్ మాడ్యూల్) వాడుతుంది. దానికి లిస్టు ఆరోహణలో ఉండాలి. ప్రతిసారీ ఆ సంగతి చెక్ చేయాలా?

---

గోదారి_బైట్స్:

రెండోది ముందు, దానికి లెక్కతో జవాబు చెప్పొచ్చు.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో హద్దులు లక్షల్లో 4, 8, 12, 16, 20, 24. రేట్లు ఏడు: 0, 5, 10, 15, 20, 25, 30 శాతం. ఎవరో ఫైలు మారుస్తూ 8, 12 తారుమారు చేశారనుకోండి: 4, 12, 8, 16, 20, 24. పది లక్షల ఆదాయానికి బైసెక్ట్ ముందు నడిమి అంకె 16ని చూసి ఎడమకు వస్తుంది, 12ని చూసి ఇంకా ఎడమకు వస్తుంది, 4 దాటి ఆగుతుంది. జవాబు 1, అంటే 5 శాతం స్లాబ్. రావాల్సింది 2, అంటే 10 శాతం. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బైసెక్ట్ లిస్టు క్రమంలో ఉందో లేదో చూడదు, చూడకూడదు కూడా. పది లక్షల అంశాల లిస్టులో అది 20 పోలికలతో పని ముగిస్తుంది. క్రమం సరిచూడాలంటే దాదాపు పది లక్షల పోలికలు. కాపలావాడి జీతం ఇంటి ఖరీదును మించిపోతుంది.

అయితే ఈ లిస్టు ప్రతి పిలుపుకీ మారదు కదా. కాబట్టి షరతును ఫంక్షన్ దగ్గర కాకుండా లిస్టు పుట్టే చోట సరిచూడండి. స్లాబ్‌పట్టిక అని చిన్న క్లాసు, ఫ్రోజెన్ డేటాక్లాస్. వస్తువు తయారవగానే నడిచే దాని పోస్ట్ ఇనిట్‌లో రెండే చెక్‌లు: ప్రతి హద్దూ దాని ముందుదానికన్నా కచ్చితంగా పెద్దది కావాలి, రేట్ల సంఖ్య హద్దుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. హద్దుల్ని లిస్టుగా కాక టపుల్‌గా దాచండి. ఫ్రోజెన్ అన్నది క్లాసు ఫీల్డు మార్చనివ్వదు గానీ లోపలున్న లిస్టుకి ఎవరైనా అపెండ్ చేస్తే ఆపలేదు. ఇక వెతికే ఫంక్షన్ స్లాబ్‌పట్టికనే తీసుకుంటుంది. దాని చేతిలో ఆ వస్తువు ఉందంటేనే షరతు తీరినట్టు.

హద్దు మీదే పడే విలువకు బైసెక్ట్ లెఫ్టా, రైటా అన్నది కూడా రాసిపెట్టండి. సరిగ్గా నాలుగు లక్షలుంటే లెఫ్ట్ 0 ఇస్తుంది, రైట్ 1 ఇస్తుంది. పన్నులో ఇది ముంచదు, హద్దు మించినదాని మీదే ఆ శాతం పడుతుంది కాబట్టి. స్లాబ్‌ని బట్టి మొత్తానికే ఒక ధర వేసే చోట, ఉదాహరణకు కొరియర్ బరువుల్లో, ముంచుతుంది.

మొదటి ప్రశ్నకూ ఇదే జవాబు. సరిహద్దు దగ్గర ఒక్కసారి, గట్టిగా. వెబ్ హ్యాండ్లర్‌లోకి వచ్చేది స్ట్రింగే, దానికి మర్యాదలేమీ తెలియవు. అక్కడ దాన్ని రుణఅర్జీ అనే వస్తువుగా మార్చండి. మారకపోతే వినియోగదారుడికి అర్థమయ్యే సందేశం వెనక్కి. సర్వీస్ లేయర్ ఆ వస్తువునే తీసుకుంటుంది, మళ్లీ చూడదు. అట్టడుగున ఈఎంఐ ఫంక్షన్‌లో చెక్‌లు ఉండనివ్వండి, ఎందుకంటే అది లైబ్రరీ లాంటిది, రేపు ఎవరు పిలుస్తారో తెలియదు, మూడు పోలికలకు ఖర్చూ లేదు. తీసేయాల్సినవి మధ్యలోవి.

ఐఫెల్ భాష చేసిన బెర్ట్రాండ్ మేయర్ వాదన ఇంకా కఠినం: షరతు తీర్చడం పిలిచేవాడి బాధ్యత అని ఒప్పందం రాసుకున్నాక, ఫంక్షన్ ఒంట్లో అదే ఇఫ్ మళ్లీ రాయకూడదు అంటారు. ఐఫెల్‌లో రిక్వైర్, ఎన్‌ష్యూర్ అనేవి సంతకంలో భాగం, వాటిని భాషే నడిపిస్తుంది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పైతాన్‌లో అంత సౌకర్యం లేదు. కానీ ఆయన చెప్పిన ఒకటి మనకీ అక్షరాలా వర్తిస్తుంది: సబ్‌క్లాస్ తన తల్లి క్లాసు షరతును సడలించొచ్చు, బిగించకూడదు. తల్లి 1 నుంచి 480 నెలలు తీసుకుంటానంటే, పిల్ల "నాకు 12 గుణిజాలే కావాలి" అంటే తల్లిని నమ్మి రాసిన కోడంతా విరుగుతుంది.

సరిహద్దు దగ్గర స్ట్రింగ్‌ని సంఖ్య చేసేటప్పుడు ఒక తెలుగు ముచ్చట. పైతాన్ ఇంట్("౧౨") అంటే తప్పు పట్టదు, 12 ఇస్తుంది. మన అంకెలు దానికి తెలుసు. కానీ ఈజ్‌డిజిట్ చూసి తర్వాత ఇంట్ పిలిచే కోడ్ మాత్రం నమ్మొద్దు: పైన చిన్నగా రాసే ² కి ఈజ్‌డిజిట్ ట్రూ అంటుంది, ఇంట్ మాత్రం వాల్యూఎర్రర్ విసురుతుంది. వాడాల్సింది ఈజ్‌డెసిమల్. అంతకన్నా మంచిది, ముందు చూడ్డం మానేసి నేరుగా ఇంట్ పిలిచి ఎక్సెప్షన్ పట్టుకోవడం.

ఫైళ్ల విషయంలోనూ అంతే. "ఫైలు ఉందా" అని చూసి తర్వాత తెరిస్తే, ఆ రెంటి మధ్య సందులో ఎవరైనా దాన్ని తీసేయొచ్చు. బయటి ప్రపంచం గురించిన షరతు చెక్ చేసిన మరుక్షణమే పాతబడిపోతుంది. తెరవండి, తెరుచుకోకపోతే ఎర్రర్ చూసుకోండి.

---

బ్యాచ్_జాబ్:

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ రాత్రి రెండు లక్షల వరసల ఫైలు నడుస్తుంటే, ఒక్క చెడ్డ వరస వల్ల ఫంక్షన్ ఎక్సెప్షన్ విసిరి మొత్తం ఆగిపోతే? 0 ఇచ్చి ముందుకెళ్లడం అక్కడ ఆచరణలో నయం కాదా?

---

బ్యాకెండ్_బావ:

ఆగకూడదన్నది న్యాయమే. కానీ ఆ నిర్ణయం లూప్‌ది, ఈఎంఐ ఫంక్షన్‌ది కాదు. లూప్‌లో ట్రై పెట్టి, వాల్యూఎర్రర్ వచ్చిన వరస నంబరు, సందేశం ఒక తిరస్కరణ ఫైలుకి రాసి ముందుకెళ్లండి. చివర్లో ఎన్ని చదివాం, ఎన్ని అయ్యాయి, ఎన్ని పోయాయి అని మూడు అంకెలు అచ్చేసి, మొదటిది మిగతా రెంటి మొత్తానికి సమానమా అని చూడండి. తిరస్కరించినవి మరీ ఎక్కువైతే, ఉదాహరణకు నూటికి ఒకటి దాటితే, అప్పుడు మొత్తం ఆపేయండి; అది చెడ్డ వరస కాదు, కాలమ్‌లు జరిగిపోయిన ఫైలు.

పట్టుకునేది వాల్యూఎర్రర్, టైప్‌ఎర్రర్ వరకే. ఉత్త ఎక్సెప్ట్ అని రాస్తే మీ సొంత నేమ్‌ఎర్రర్‌లు కూడా "చెడ్డ డేటా" ఖాతాలో పడిపోతాయి.

---

పాతకాపు_సి:

చెక్ రాయగానే పని అయిపోయిందనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: చెక్‌లోనే బగ్ ఉండొచ్చు.

బఫర్‌లో కొంత భాగం చదివే సి ఫంక్షన్. చాలామంది రాసేది: ఆఫ్‌సెట్ + పొడవు > సైజు అయితే తిరస్కరించు. 32 బిట్ల అన్‌సైన్డ్ లెక్కలో ఆఫ్‌సెట్ 16, పొడవు 4294967295 పంపండి. కూడితే చుట్టు తిరిగి 15 అవుతుంది. సైజు 64 అయితే 15 దానికన్నా తక్కువే కదా, రమ్మని తలుపు తీస్తుంది. కూడిక మానేసి తీసివేత వాడాలి: ముందు ఆఫ్‌సెట్ > సైజు అయితే తిరస్కరించు, ఆ తర్వాత పొడవు > సైజు - ఆఫ్‌సెట్ అయితే తిరస్కరించు. ఆ వరస మార్చకూడదు, మొదటి చెక్ దాటితేనే రెండోదాంట్లో తీసివేత క్షేమం. పైతాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కాబట్టి ఈ జబ్బు లేదు, నంపై అర్రేల్లోకి వెళ్తే మళ్లీ ఉంది.

సి లైబ్రరీలో చాలా షరతులు కాగితం మీదే ఉంటాయి, ఎవరూ చెక్ చేయరు. మెమ్‌కాపీకి మూలం, గమ్యం ఒకదానిమీద ఒకటి పడకూడదు; పడేట్టుంటే మెమ్‌మూవ్. ఈజ్ఆల్ఫాకి పంపేది అన్‌సైన్డ్ చార్‌లో ఇమిడేది గానీ ఈఓఎఫ్ గానీ కావాలి. తెలుగు యూటీఎఫ్-8 పాఠంలో ప్రతి అక్షరమూ 127 దాటిన బైట్లే. చార్ సైన్డ్ అయిన మెషీన్లో అవి రుణసంఖ్యలవుతాయి. ఇంగ్లీషు ఇన్‌పుట్‌తో ఏళ్లతరబడి నడిచిన ప్రోగ్రామ్ తెలుగు పేరు పడగానే పిచ్చిగా ప్రవర్తించడానికి ఇదొక మామూలు కారణం. పిలిచే ముందు అన్‌సైన్డ్ చార్‌కి కాస్ట్ చేయాలి.

రాయని షరతుకు పెద్ద ఉదాహరణ 1996 జూన్ 4 నాటి ఏరియాన్ 5 తొలి ప్రయోగం. ఏరియాన్ 4 కోసం రాసిన దిశా నిర్దేశక కోడ్‌ని అలాగే వాడారు. అందులో 64 బిట్ల ఫ్లోట్ ఒకదాన్ని 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకంగా మార్చే చోట కాపలా లేదు. అజాగ్రత్తతో వదిలేయలేదు. ఏడు విలువల్లో నాలుగింటికి కాపలా పెట్టి, ప్రాసెసర్ భారం 80 శాతం దాటకూడదని మూడింటిని కావాలనే వదిలారు, ఏరియాన్ 4 గమనంలో అవి అంత పెద్దవి కావు కాబట్టి. ఏరియాన్ 5 గమనం వేరు. విలువ 16 బిట్లలో పట్టలేదు, రాకెట్ 40 సెకన్లు కూడా నిలవలేదు. ఆ మూడింటిని ఎందుకు వదిలారో సోర్స్ కోడ్‌లో ఎక్కడా రాసి లేదని విచారణ బృందం నివేదికలో చెప్పింది. చెక్ పెట్టలేని చోట కనీసం "ఈ విలువ ఇంతకు మించదు, ఎందుకంటే ఇది" అని ఫంక్షన్ పైన రెండు లైన్ల వ్యాఖ్య ఉంటే, కోడ్ తిరిగి వాడేవాడు ఆగి చూస్తాడు.

---

కొత్త_కీబోర్డు:

అందరి మాటా కలిపి ఇలా మార్చాను. చూసి చెప్పండి.

    డెఫ్ ఈఎంఐ(*, అసలు, వార్షిక_శాతం, నెలలు):
        ఇఫ్ టైప్(నెలలు) ఈజ్ నాట్ ఇంట్:
            రెయిజ్ టైప్ఎర్రర్(...)
        ఇఫ్ నెలలు < 1:
            రెయిజ్ వాల్యూఎర్రర్(...)
        ఇఫ్ నాట్ (0 < అసలు < ఇన్ఫ్):
            రెయిజ్ వాల్యూఎర్రర్(...)
        ఇఫ్ నాట్ (0 <= వార్షిక_శాతం <= 36):
            రెయిజ్ వాల్యూఎర్రర్(...)
        ఇఫ్ వార్షిక_శాతం == 0:
            రిటర్న్ అసలు / నెలలు
        ...

ట్రూ పంపితే ఇంట్‌గా చెల్లిపోతుందని ఎక్కడో చదివి, ఈజ్‌ఇన్‌స్టన్స్ బదులు టైప్ పోల్చాను.

---

బ్యాకెండ్_బావ:

చాలా మెరుగు. మూడు సవరణలు.

ట్రూ గురించి మీరన్నది నిజమే, పైతాన్‌లో బూల్ ఇంట్‌కి సబ్‌క్లాస్. కానీ టైప్ ఈజ్ నాట్ ఇంట్ అని బిగిస్తే పాండాస్ నుంచి వచ్చే నంపై ఇంట్64 కూడా తిరస్కరణే, అది పైతాన్ ఇంట్ కాదు కాబట్టి. బ్యాచ్_జాబ్ గారి రెండు లక్షల వరసలూ తిరస్కరణ ఫైల్లోకి పోతాయి. ముందు బూల్ అయితే టైప్‌ఎర్రర్ అనండి, తర్వాత ఆపరేటర్ మాడ్యూల్‌లోని ఇండెక్స్ ఫంక్షన్‌లో నెలలు పంపి వచ్చిన విలువ వాడండి. అది నంపై పూర్ణాంకాల్ని ఒప్పుకుంటుంది, 60.0 ని, '60' ని టైప్‌ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది.

36 అనే గరిష్ఠ రేటు ఇక్కడ ఉండకూడదు. అది మీ సంస్థ విధానం, గణితం కాదు. సూత్రానికి 40 శాతంతో ఏ ఇబ్బందీ లేదు. రేపు విధానం మారితే లెక్కల ఫంక్షన్ ముట్టుకోవాల్సి వస్తుంది. ఆ షరతు రుణఅర్జీలోకి పంపేసి, ఇక్కడ ఇన్ఫ్ ఉంచండి.

టెస్టులు హద్దుల మీద రాయండి: నెలలకు 0, 1, ట్రూ, 60.0, శాతానికి సున్నా, సున్నాకి కొంచెం కింద, నాన్, అనంతం. పైటెస్ట్‌లో రెయిజెస్ వాడేటప్పుడు మ్యాచ్ ఆర్గ్యుమెంట్‌లో "నెలలు" అన్న పేరు ఇవ్వండి. అది ఇవ్వకపోతే, నెలల టెస్టులో అసలు తప్పుగా పంపినా ఏదో ఒక వాల్యూఎర్రర్ వచ్చి టెస్టు పచ్చగా కనిపిస్తుంది, నెలల చెక్ మొత్తం చెరిపేసినా సరే.

---

గోదారి_బైట్స్:

ఒక చిన్న మాట, మీరు నిజంగానే ఆర్గ్యుమెంట్లకు తెలుగు పేర్లు పెట్టే ఉద్దేశం ఉంటే. పైతాన్ 3లో వార్షిక_శాతం లాంటి పేర్లు చెల్లుతాయి, కీవర్డులే ఇంగ్లీషులో ఉండాలి. కానీ కీబోర్డు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాల్ని విడగొట్టే, కంటికి కనిపించని గుర్తు) దూర్చితే సింటాక్స్‌ఎర్రర్ వస్తుంది, కంటికేమో ఏ తేడా కనిపించదు. పొల్లు దగ్గర విడగొట్టాల్సి వస్తే అండర్‌స్కోర్ పెట్టుకోండి.